ఫిర్యాదు ఆగిపోయిన నెల

1989వ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, ఎనిమిది గంటలు కావడానికి పది నిమిషాల ముందు మా ఆసుపత్రి వంటశాలలో సహాయ ఆహార నిపుణురాలిగా విధుల్లో చేరిన మా డైటీషియన్ మేడమ్ గారు, రెండు రోజులు తక్కువ ముప్పై ఆరు సంవత్సరాల నిరంతర సేవానంతరం ఈ నెల ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్నారు. ఆ తక్కువైన రెండు రోజులూ కూడా పనిచేసి వెళతానని వారు కార్యాలయానికి అర్జీ పెట్టుకున్నారనీ, నిబంధనలు అంగీకరించవని సమాధానం వచ్చిందనీ ఆసుపత్రిలో ఒక వదంతి ఉన్నది. అది వదంతి కాదు. ఆ అర్జీ చిత్తుప్రతిని దిద్దినవాణ్ణి నేనే.

వీడ్కోలు సభకు వెలువడే ఈ ప్రత్యేక సంచికకు వ్యాసం రాయవలసిందిగా సహోద్యోగులు నన్ను కోరారని తెలియగానే మేడమ్ నా గదికి వచ్చి, "నన్ను పొగడకండి సార్. మీరు పొగిడితే పోయినవాళ్ల గురించి రాసినట్టుంటుంది" అన్నారు. నయంకాని క్యాన్సరుతో వచ్చినవారికి బాధానివారణ చేసే వార్డులో ఇరవై మూడేళ్లుగా వైద్యుడిగా ఉన్నవాణ్ణి గనుక ఆ అభియోగాన్ని పూర్తిగా తోసిపుచ్చలేను. అందుచేత పొగడ్త తగ్గించి, జరిగినది జరిగినట్టు రాస్తాను. అందులో నా తప్పు కూడా ఒకటున్నది. దాన్ని దాచుకుంటే ఈ అభినందనకు అర్థముండదు.

తొలి రోజుల్లో మేడమ్ పని మూడు వందల పళ్లేల పని. చక్కెర వ్యాధి వారికొకటి, మూత్రపిండాల వారికొకటి, శస్త్రచికిత్స అయినవారికొకటి, ఏ ఆంక్షలూ లేనివారికొకటి, నాలుగు రంగుల చీటీలు. వంటశాలకు అప్పట్లో అధిపతి అయిన పెద్ద వంటమాస్టరు, చేతిలో డిగ్రీ పట్టుకుని వచ్చిన ఇరవై నాలుగేళ్ల అమ్మాయిని ఎగాదిగా చూసి, "చదువుకున్నవాళ్లు వంటింట్లోకొస్తే గరిటెలకి కూడా భయమేస్తుందమ్మా" అన్నారట. మూడేళ్లు తిరిగేసరికి ఆ మాస్టరే, మేడమ్ రుచి చూడనిదే ఏ గిన్నె మూతా కదపనివ్వని స్థితికి వచ్చారు. గరిటెల సంగతి తెలియదు గానీ, వంటవాళ్లు మాత్రం ఈనాటికీ భయపడుతూనే ఉన్నారు.

1997లో వారు ప్రధాన ఆహార నిపుణురాలి హోదాకు ఎదిగినప్పుడు తీసుకున్న మొదటి నిర్ణయం, ప్రతి వార్డు గుమ్మం పక్కనా ఒక ఫిర్యాదుల పుస్తకాన్ని, దానికొక పెన్సిలును దారంతో కట్టి వేలాడదీయించడం. "అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. రోగికి అడిగే ఓపిక ఎక్కడిది, రాసుకోనివ్వండి" అన్నది వారి వాదన. రాసినవాటిలో ముప్పాతిక వంతు ఉప్పు గురించే కావడంతో వారికి 'ఉప్పు మేడమ్' అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పుస్తకాలను చూసి ముచ్చటపడిన యాజమాన్యం, ప్రతి నెలా అతి తక్కువ ఫిర్యాదులు వచ్చిన వార్డుకు ఒక షీల్డు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి ఉద్దేశంతో చేసిన పనే. ఈ వ్యాసంలోని గొడవకంతటికీ మూలం కూడా అదే.

2004లో వారిని మూడవ అంతస్తులోని మా పదహారు పడకల వార్డుకు కేటాయించినప్పుడు, శిక్ష పడినట్టుగా భావించి కొందరు సానుభూతి తెలిపారు. "ఆకలున్నవాళ్లకి ఎవరైనా వండుతారు. ఆకలి చచ్చినవాళ్లకి వండటమే కదా అసలు పరీక్ష" అని వారు నవ్వేశారు. ఆ పరీక్షలో మేడమ్ తప్పారు, నేనూ తప్పాను. మేడమ్ మళ్లీ రాసి గట్టెక్కారు, నన్నూ గట్టెక్కించారు. అది ఎలా జరిగిందో చెబుతాను.

2008 జనవరిలో మా తొమ్మిదో నంబరు పడకకు ఒక పెద్దాయన వచ్చారు. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు టైమ్‌కీపరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తుల్లో మొదలైన క్యాన్సరు అప్పటికే ఎముకల దాకా పాకింది. తలగడ పక్కన కీ ఇచ్చే చేతిగడియారం పెట్టుకుని, ఉదయపు జావ బండి వచ్చిన నిమిషాన్ని చూసుకుని, ఫిర్యాదుల పుస్తకం తెప్పించుకుని రాసేవారు. 'జావ రావలసిన సమయం 8:10. వచ్చిన సమయం 8:17. ఏడు నిమిషాల ఆలస్యం. జావ చల్లారినది. ఉప్పు లేదు.' ఆపైన అర పేజీ హితబోధ. రెండు నెలల్లో నలభై నాలుగు ఫిర్యాదులు రాశారు. అవి చదివి మేడమ్ పళ్లు కొరికేవారు. బండి తోసే ఆయమ్మ ఆ గుమ్మం దాటే ముందు గోడ గడియారం చూసుకునేది. ఆయన భార్య మాత్రం పక్కనే కూర్చుని, "ఇంట్లో కూడా ఇంతేనమ్మా, ఏం అనుకోకండి" అని అందరికీ సర్దిచెప్పేవారు.

మార్చి మొదలవుతూనే ఆయన ఫిర్యాదులు ఆగిపోయాయి. వార్డంతా ఊపిరి పీల్చుకుంది. "దారికొచ్చారు" అన్నది సిస్టరు. మేడమ్ అయితే పట్టరాని సంతోషంతో వంటశాలకు వెళ్లి, "మన జావ గెలిచింది" అని ప్రకటించారు. ఆ ముందు వారమే వారు ఉప్పు కొలత మార్చారు, ఆ మార్పే పనిచేసిందని నమ్మారు. నేను కేసు షీటులో రెండు వాక్యాలు రాశాను: 'రోగి ప్రశాంతంగా ఉన్నారు. వాస్తవాన్ని అంగీకరించారు.' ఆ కాగితం రికార్డు గదిలో ఇప్పటికీ ఉన్నది. చేతిరాత నాదే, బుకాయించడానికి వీల్లేదు.

ఏప్రిల్ రెండవ తేదీన మార్చి నెల షీల్డు మా వార్డుకు వచ్చింది. నెల మొత్తానికి మూడే మూడు ఫిర్యాదులు. ఆ మూడూ ఏమిటో చూద్దామని మేడమ్ పుస్తకం తిరగేశారు. మూడూ మార్చి రెండో వారంలోవే. లిఫ్టు పాడై, నాలుగు రోజులు జావ గిన్నెలను మెట్ల మీదుగా మోసుకురావలసి వచ్చి, నలభై నిమిషాలు ఆలస్యమైనప్పటివి. రెండో పడక, నాలుగో పడక, పన్నెండో పడక. తొమ్మిదో పడక లేదు. ఏడు నిమిషాలకు అర పేజీ రాసిన మనిషి నలభై నిమిషాలకు ఒక్క ముక్క రాయలేదు.

షీల్డును బల్ల మీద పడేసి మేడమ్ నా దగ్గరకు వచ్చారు. "తొమ్మిదో పడక ఆయనకు ఏదో అయింది సార్" అన్నారు. విషయం విని నేను, "దిగులుండదా మేడమ్? ఆ జబ్బుతో ఉన్న మనిషి ఈలవేస్తూ తిరుగుతాడా?" అన్నాను.

"దిగులుంటే ఉండనివ్వండి. దిగులున్నవాళ్లు ఏడుస్తారు, తిడతారు, కావలసినవాళ్లొస్తే కాస్త నవ్వుతారు. ఈయన ఏదీ చేయట్లేదు."

"పెద్దమనిషి, సర్దుకున్నారేమో. నిండు కుండ తొణకదంటారు."

"ఖాళీ కుండ కూడా తొణకదు సార్" అని మేడమ్ వెళ్లిపోయారు.

తిన్నగా తొమ్మిదో పడక దగ్గరకు వెళ్లి స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ సంభాషణను అప్పుడే నాకు చెప్పారు గనుక రాయగలుగుతున్నాను.

"పోయిన నెల నాలుగు రోజులు జావ నలభై నిమిషాలు లేటయింది. మీరు చూసుకోలేదా?"

"చూశానమ్మా."

"మరి రాయలేదే?"

"రాసి ఏం చేయాలి? వేడివేడిగా తాగాల్సినంత మనిషినా నేను? తిని లేచి తిరిగేవాళ్లకి పెట్టండి. నాకు పెట్టడం దండగ."

తలగడ పక్కన గడియారం లేదు. ఏదని అడిగితే, "సొరుగులో పడేశాను. చూసుకుని ఏం చేయాలి?" అన్నారు. రోజంతా ఇలాగే ఉంటుందా, మధ్యలో ఎప్పుడైనా తేలికపడుతుందా అని మేడమ్ అడిగారు. లేదన్నారు. ఏదైనా కావాలనిపిస్తోందా అని అడిగారు. ఆయన గోడ వైపు చూస్తూ, "తెల్లారకపోతే బాగుండుననిపిస్తుంది" అన్నారు.

ఇలాంటి మాట వినపడగానే అడ్డువేయడానికి మనందరి దగ్గరా ఒక వాక్యం సిద్ధంగా ఉంటుంది: 'అలా అనకండి, ధైర్యంగా ఉండాలి.' మేడమ్ ఆ వాక్యాన్ని వాడలేదు. "ఎప్పట్నుంచి అలా అనిపిస్తోంది?" అని అడిగి, ఊరుకున్నారు. అప్పుడు ఆయన నెల రోజుల్లో మొదటిసారి నాలుగు మాటలు కలిపి మాట్లాడారు. తను అందరికీ బరువయ్యానన్నారు. ఒళ్లు తుడిచే సిస్టరును చూస్తే సిగ్గుతో చచ్చిపోతున్నానన్నారు. "మా ఆవిణ్ణి కూడా రావద్దని చెప్పేశాను. నా మొహం చూసి ఏం బావుకుంటుంది? ఇంటిపట్టున సుఖంగా ఉంటుంది" అన్నారు.

ఇంటిపట్టున లేరు. వంటశాలకు దిగివెళుతూ మేడమ్ చూసేసరికి, కింది అంతస్తు నిరీక్షణ మందిరంలో మూడో బల్ల మీద ఆవిడ కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఫ్లాస్కు. మార్చి నడిమి నుంచి రోజూ పదింటికి వచ్చి ఐదింటికి వెళుతున్నారు. "రావద్దన్నారమ్మా. అంతకుముందు అంత చిరాకు పడేవారా, ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నారని డాక్టరుగారు కూడా అన్నారట. నేను పక్కనుండటం వల్లే ఆ చిరాకంతా అయ్యుంటుంది. పైకెళ్లి ఉన్న శాంతం పోగొట్టడం దేనికని ఇక్కడే కూర్చుంటున్నాను" అని చెప్పి, ఫ్లాస్కు మూత గట్టిగా బిగించుకున్నారు.

ఆ మాటను మేడమ్ నాకు యథాతథంగా వినిపించినప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేను రాసిన రెండు వాక్యాలు మూడు అంతస్తులు దిగి ఆ ఇల్లాలిని బల్లకు కట్టేశాయి. ఆ గంటలోనే మానసిక వైద్యులకు కబురు చేశాను. ఆయన వచ్చి, ముప్పావు గంట కూర్చుని, ప్రాణం తీసుకునే ఆలోచన ఉన్నదేమో కూడా సూటిగా అడిగి తెలుసుకుని, బయటికి వచ్చి నాతో అన్న మాటలు నేను తర్వాత ఎన్నో తరగతుల్లో చెప్పాను. బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం, నీరసం, ఆకలి లేకపోవడం, ఇవన్నీ క్యాన్సరు కూడా చేస్తుంది గనుక వాటి వెంటపడితే కుంగుబాటు దొరకదు. ఇష్టమైనవాటి మీద ఇష్టం పోయిందా, తన మీద తనకే విలువ పోయిందా, ఏ ఆశా లేకుండా రోజంతా ఒకే తీరుగా గడుస్తోందా, అవి అడగాలి. "చావు దగ్గరపడ్డందుకు బాధపడటం సహజమే డాక్టరుగారూ. కానీ ఇది ఆ బాధ కాదు. ఇది రెండో జబ్బు. దీనికి వైద్యముంది" అన్నారాయన.

మందు మొదలైంది, రోజుకు అరగంట మాటలు మొదలయ్యాయి, ఎముకల నొప్పికి ఇస్తున్న మోతాదునూ సరిచేశాం. మందు పట్టడానికి మూడు వారాలైనా కావాలి. ఆయనకు మిగిలినది పది, పన్నెండు వారాలని నా అంచనా. "ఎదురుచూడ్డానికే మూడో వంతు పోతుంది మేడమ్" అన్నాను నిరాశగా.

"మిగతా రెండు వంతులూ ఆవిడవి సార్" అన్నారు మేడమ్.

ఆ మూడు వారాల్లో ఒకసారి భార్యను పైకి తీసుకురాబోతే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. బలవంతం చేయవద్దని మానసిక వైద్యులు వారించారు. అందుచేత మేడమ్ ప్రతి మధ్యాహ్నం రెండు గంటలకు ఆ మూడో బల్ల దగ్గరకు వెళ్లి వార్తలు అందజేసేవారు. ఇవాళ నాలుగు చెంచాలు. ఇవాళ పక్క పడకాయన పలకరిస్తే తలూపారు. ఇవాళ ఏమీ లేదు. ఇవాళా ఏమీ లేదు. పద్దెనిమిదో రోజున గడియారం సొరుగులోంచి తీసి కీ ఇచ్చుకున్నారన్న వార్త మోసుకెళ్లినప్పుడు, ఆవిడ మేడమ్ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదలలేదట.

ఏప్రిల్ ఇరవై ఆరున, శనివారం, ఆయన పుస్తకం తెమ్మన్నారు. రాసింది అక్షరం పొల్లుపోకుండా ఇస్తున్నాను. 'జావ రావలసిన సమయం 8:10. వచ్చిన సమయం 8:19. తొమ్మిది నిమిషాల ఆలస్యం. ఉప్పు లేదు. మరియొక విషయం. నలభై రోజులుగా నా భార్యను పైకి పంపడం లేదు. కారణం తెలుపగలరు.'

మేడమ్ పుస్తకాన్ని పెన్సిలుతో సహా పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తారు. లిఫ్టు బాగానే ఉన్నది, దాని కోసం ఆగే ఓపిక వారికి లేదు. కళ్లజోడు తెచ్చుకోలేదని ఆవిడ అంటే మేడమ్ చదివి వినిపించారు. మళ్లీ చదవమన్నారు. రెండోసారి విని ఆవిడ లేచి నిలబడి, "చూశారా అమ్మా! రావద్దన్నది తను, తప్పు మన మీదకి! నలభై ఏళ్లుగా ఇదే వరస. ఉండండి, నేనే వెళ్లి అడుగుతాను" అంటూ ఫ్లాస్కును బల్ల మీదే మరిచిపోయి మెట్లెక్కేశారు. ఆ తర్వాత జరిగిన పోట్లాట వార్డంతా వినపడింది. సిస్టరు నెమ్మదిగా మాట్లాడమని చెప్పబోతే, ఆయాసంతో అప్పుడే వచ్చిన మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. నేను గుమ్మంలో నిలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాను.

క్యాన్సరు తన దారిన తాను పోయింది. దాన్ని మేం ఆపలేదు, ఆపగలమని చెప్పనూ లేదు. ఏడు వారాల తర్వాత, జూన్ నెల ఒక మధ్యాహ్నం, భార్య పేపరు చదివి వినిపిస్తుండగా ఆయన వెళ్లిపోయారు. ఆ ఏడు వారాల్లో ముప్పై ఒక్క ఫిర్యాదులు. షీల్డు ఎముకల వార్డుకు వెళ్లిపోయింది. మేడమే దాన్ని గోడ మీదనుంచి దించి స్వయంగా అప్పగించి వచ్చారు. "ఆయన నోరు మూతపడితే నా జావ బాగుందనుకున్నాను సార్" అని ఆ రోజు అన్న మాటను వారు ఏళ్ల తరబడి తమను తాము దెప్పుకోవడానికి వాడారు.

అంతటితో ఆగి ఉంటే అది ఒక ఉదంతంగా మిగిలేది. మేడమ్ దాన్ని పద్ధతిగా మార్చారు. ప్రతి సోమవారం ఫిర్యాదుల పుస్తకం ముందేసుకుని, ఎవరు రాశారని కాక, రాసేవాళ్లలో ఎవరు మానేశారని చూడటం మొదలుపెట్టారు. రాసే అలవాటే లేనివారి సంగతి ఏమిటని నేను అడ్డు చెబితే, ఆహారపు చీటీ వెనుక రెండు ప్రశ్నలు అచ్చువేయించారు: రోజులో ఎక్కువసేపు మనసు కుంగినట్టుంటోందా, ఇదివరకు ఇష్టమైనవాటి మీద ఇష్టం పోయిందా. పళ్లెం పెట్టేటప్పుడు అడగాలి, జవాబు వచ్చేదాకా అక్కడే ఉండాలి. అవునంటే ఆ పూటే మాకు చెప్పాలి. ఆ రెండు ప్రశ్నలూ అడగకుండా 'ప్రశాంతం' అన్న మాట కేసు షీటులో రాయరాదని మా వార్డులో కట్టుబాటు పెట్టుకున్నాం. మొట్టమొదట దాన్ని అతిక్రమించి మేడమ్ చేత చీవాట్లు తిన్నది కూడా నేనే.

అందరూ తేరుకున్నారని రాస్తే అబద్ధమవుతుంది. కొందరి విషయంలో మందు పట్టేలోపే రోజులు అయిపోయాయి. కొందరు మమ్మల్ని చివరిదాకా దగ్గరకు రానివ్వలేదు. అయితే ఈ పదిహేడేళ్లలో చీటీ వెనుక ప్రశ్న వల్ల బయటపడి, చెల్లెలితో మాట కలిపినవారు, మనవరాలికి చదరంగం నేర్పినవారు, ఏమీ చేయకపోయినా కిటికీ పక్కకు మంచం జరపమని అడిగినవారు ఎందరో ఉన్నారు. 2016లో మేడమ్ ఆసుపత్రి మొత్తానికి ఆహార విభాగాధిపతి అయి, మొదటి అంతస్తులో ఏసీ గది వచ్చినా, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు మూడవ అంతస్తు ఎక్కడం మాత్రం మానలేదు.

వారి శ్రీవారు, విశ్రాంత డ్రాయింగు మాస్టారు, ఈ సందర్భంగా రెండు మాటలు చెప్పవలసిందిగా కోరినప్పుడు, "మా ఇంట్లో ఫిర్యాదుల పుస్తకం లేదండీ. ఉన్నా పెన్సిలు ఆవిడ చేతిలోనే ఉంటుంది" అన్నారు. కూతురు, అల్లుడు సభకు వస్తున్నారు. ముప్పై ఆరేళ్లుగా ఆ కుటుంబానికి ఉదయపు వేళల్లో దక్కని మనిషిని ఇకనుంచి వారికి తిరిగి అప్పగిస్తున్నాం.

ఈ వ్యాసం ముగించే ముందు టైమ్‌కీపరు గారి భార్యకు ఫోన్ చేశాను. ఎనభై రెండేళ్ల వయసు, మోకాళ్లు సహకరించక సభకు రాలేకపోతున్నారు. మేడమ్‌కు శుభాకాంక్షలుగా ఏం రాయమంటారని అడిగాను. "ఏం రాస్తారు బాబూ మీరు?" అన్నారు. నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని రాస్తామండీ అన్నాను.

ఆవిడ ఒప్పుకోలేదు. ఇలా అన్నారు: "అలా లెక్కపెట్టి కోరకండి. ఎన్ని వారాలున్నాయో లెక్కపెట్టుకుని బతికినదాన్ని, చెబుతున్నాను వినండి. మొదటి వారం, రెండో వారం లెక్కపెట్టాను. మూడో వారం ఆయన నన్నేదో తిట్టారు, నేనేదో అన్నాను, ఆ గొడవలో పడి లెక్క మరిచిపోయాను. ఆ అమ్మాయి చేసింది అదే బాబూ. నన్ను లెక్క మరిచిపోనిచ్చింది."

కనుక ఏళ్ల సంఖ్య ఇక్కడ రాయడం లేదు. మేడమ్ గారూ, ఆరోగ్యంతో, ఆకలితో, మీవాళ్లతో తగువులాడే ఓపికతో, లెక్క మరిచిపోయి ఉండండి.